నడిచే పాత్ర కాలికి గుడ్డ బూట్లు: సిమ్యులేషన్‌లో బొటనవేలు బయటికి వస్తోంది, సలహా కావాలి

కృష్ణాతీరం_3డి (విజయవాడ)

అందరికీ నమస్కారం. విజయవాడ సత్యనారాయణపురంలో ముగ్గురు మిత్రులం కలిసి ఒక చిన్న యానిమేషన్ చిత్రం చేస్తున్నాం. క్రీ.శ. 7వ శతాబ్దంలో చైనా యాత్రికుడు హుయాన్‌త్సాంగ్ మన ధాన్యకటకానికి, అంటే నేటి అమరావతి ప్రాంతానికి వచ్చిన సందర్భమే మా కథ. ఆయన కృష్ణ ఒడ్డు వెంట నడిచి వచ్చి స్తూపం ముందు మోకరిల్లడంతో చిత్రం ముగుస్తుంది. పాత్ర కాళ్లకు మెత్తని గుడ్డతో కుట్టిన బూట్లు వేశాం. వాటి రూపం మా ఊహ మాత్రమే కనుక చరిత్ర విషయంలో ఇక్కడ ఏమీ అడగడం లేదు. నడకలో అవి గుడ్డ బూట్లుగా కనబడడమే నాకు కావలసింది.

బూటుకు అడుగున పొరలు పొరలుగా కుట్టిన మందపాటి గుడ్డ అట్ట ఉంది. పైన వేళ్లనూ మీగాలునూ కప్పే గుడ్డ, చీలమండ పైన వదులుగా నిలిచే అంచు, ఆ అంచును బిగించే రెండు నాడాలు ఉన్నాయి. బ్లెండర్ అనే 3డి సాఫ్ట్‌వేర్‌లో బూటు మొత్తాన్ని ఒకే మెష్‌గా (బిందువులూ ముఖాలూ కలిసిన 3డి ఆకారంగా) చేసి, గుడ్డ కదలికను లెక్కగట్టే క్లాత్ మాడిఫయర్‌ను దానికి పెట్టి, చీలమండ చుట్టూ ఒక వరుస వెర్టెక్సులను (మెష్ బిందువులను) మాత్రమే పిన్ చేశాను, అంటే కాలితో పాటే కదిలేలా పట్టి ఉంచాను. గుడ్డ శరీరంలోకి చొరబడకుండా పాత్ర శరీరానికి కొలిజన్ ఇచ్చాను.

ఫలితం ఇలా ఉంది. మొదటి నాలుగైదు ఫ్రేముల్లో బూటు ఒక్కసారిగా చెదిరి, తర్వాత సర్దుకుంటోంది. సర్దుకున్నాక కూడా పాదానికి అంటుకోకుండా గాలి నింపినట్లు ఉబ్బి ఉంటోంది. మడమ లేచే సమయానికి బొటనవేలు గుడ్డను చీల్చుకొని బయటికి వస్తోంది. కాలు గాలిలో ముందుకు వెళ్తున్నప్పుడు అడుగు అట్ట తడి మేజోడులా కిందికి వేలాడుతోంది. క్వాలిటీ స్టెప్స్ (ఒక్కో ఫ్రేమును ఎన్ని అంచెలుగా లెక్కించాలన్నది) 5 నుంచి 8కి పెంచాను, టెన్షన్‌ను (గుడ్డ సాగకుండా ఆపే బలాన్ని) 15 నుంచి 80కి పెంచాను. గుడ్డ బిగిసినట్లు అనిపించింది గానీ అట్ట వేలాడడం తగ్గలేదు. ఈ ఎండల్లో పగలు యంత్రం వేడెక్కిపోతోందని రాత్రిపూట బేక్ (సిమ్యులేషన్ మొత్తాన్ని లెక్కగట్టి భద్రపరచడం) పెట్టి పొద్దున్నే చూసుకుంటున్నాం. ఇప్పటికి పదకొండు రాత్రులు ఇలాగే గడిచాయి. విలువలు మారుస్తూ పోవడం కాక, అసలు నా పద్ధతిలోనే పొరపాటు ఉందేమో చెప్పగలరని ఆశిస్తున్నాను.

బ్రాడీపేట_రిగ్గర్ (గుంటూరు)

మీరు వివరంగా రాయడం వల్ల సమస్యలను విడదీసి చూడడం వీలవుతోందండీ. ముందు ఉబ్బడం సంగతి చూద్దాం. క్లాత్ మాడిఫయర్ కొలిజన్ విభాగంలో డిస్టెన్స్ మొదట 0.015 మీ. ఉంటుంది. శరీరానికి ఇచ్చిన కొలిజన్‌లో అవుటర్ థిక్‌నెస్ మొదట 0.02 మీ. ఉంటుంది. సాఫ్ట్‌వేర్ ఈ రెండింటినీ కలిపి లెక్కిస్తుంది కనుక గుడ్డ చర్మానికి సుమారు 3.5 సెం.మీ. దూరంలోనే ఆగిపోతుంది. అంగరఖాకు ఈ దూరం పెద్దగా తెలియకపోవచ్చు. పాదం పొడవు మొత్తం 25 సెం.మీ. అయినప్పుడు నలువైపులా 3.5 సెం.మీ. ఖాళీ అంటే అది బూటు కాదు, బుట్ట. రెండు విలువలనూ 0.001కి తగ్గించండి. ఆ పని చేసే ముందు పాత్రకూ బూటుకూ స్కేల్ అప్లై చేశారో (మార్చిన పరిమాణాన్నే అసలు కొలతగా స్థిరపరిచారో) లేదో, పాత్ర ఎత్తు నిజంగా మనిషి ఎత్తులో ఉందో లేదో సరిచూసుకోండి. కొందరు ఈ ఇబ్బంది తప్పించుకోవడానికి పాత్రను పది రెట్లు పెద్దది చేస్తారు. అప్పుడు గురుత్వాకర్షణ విలువ మాత్రం పాతదే ఉంటుంది కనుక గుడ్డ నీళ్లలో కదిలినట్లు మెల్లగా పడుతుంది. నేను ఆ దారి సూచించను.

రెండోది మొదటి ఫ్రేముల్లో చెదరడం. మీ బూటు పాత్ర చేతులు చాచి నిలబడిన భంగిమకు తగినట్లు తయారై ఉంటుంది. మొదటి ఫ్రేములోనే పాత్ర నడక మధ్యలో ఉంటే, గుడ్డ ఒక్క ఫ్రేములో ఆ దూరమంతా దూకవలసి వస్తుంది. షాట్‌ను 1వ ఫ్రేము నుంచి మొదలు పెట్టకండి. చాలా స్టూడియోలలో షాట్‌ను 1001 నుంచి మొదలు పెట్టడానికి ఒక కారణం ముందు వైపు ఇలాంటి సన్నాహానికి చోటు ఉండడమే. 961 దగ్గర పాత్రను మూల భంగిమలో ఉంచి, 990 వచ్చేసరికి నడక మొదటి భంగిమకు నెమ్మదిగా తీసుకువచ్చి, మిగిలిన పది ఫ్రేములు కదలకుండా నిలిపితే గుడ్డ సర్దుకుంటుంది. క్యాష్ (లెక్కగట్టిన ఫ్రేములు భద్రమయ్యే చోటు) ఆరంభాన్ని కూడా 961కి మార్చడం మరవకండి.

మూడోది వేగం. పెద్దమనిషి మామూలు నడకలో ఒక కాలు లేచి మళ్లీ ఆనేలోపు దాదాపు 1.4 మీ. ముందుకు వెళ్తుంది. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన ఆ ప్రయాణం సుమారు 10 ఫ్రేముల్లో ముగుస్తుంది. అంటే ఒక్కో ఫ్రేముకు పాదం 14 సెం.మీ. జరుగుతోంది, తన పొడవులో సగానికి పైగా. 8 స్టెప్స్‌తో చూస్తే ఒక్కో స్టెప్‌కు 1.75 సెం.మీ. అవుతుంది. ఆ కొద్ది దూరంలోనే కాలివేలు గుడ్డకు అటు నుంచి ఇటు దాటిపోగలదు. కనీసం 15 పెట్టి, కొలిజన్ క్వాలిటీని 2 నుంచి 5కి పెంచి చూడండి.

అయితే ఇవన్నీ చేసినా మీ బూటు పూర్తిగా దారికి వస్తుందని చెప్పలేను. చీలమండ దగ్గర మాత్రమే పిన్ చేసిన బూటు, పాదానికి తొడిగిన సంచి లాంటిది. ఆ సంగతి మీద ఇతరుల అభిప్రాయం కూడా చూద్దాం.

మీగాలు (విజయవాడ)

నేను యానిమేటర్‌ను కాను, రెండేళ్లుగా మోడలింగ్ మాత్రమే నేర్చుకుంటున్నాను. మా నాన్నగారు ముప్పై ఏళ్ల పాటు చెప్పులూ బూట్లూ కుట్టారు కనుక ఆ వైపు నుంచి ఒక మాట చెప్పాలనిపించింది.

బూటు కుట్టేవారు మనిషి పాదం మీద బూటు కుట్టరు. చెక్కతో చేసిన పాదం ఒకటి ఉంటుంది, దాని మీద పై గుడ్డనో తోలునో లాగి బిగించి అట్టకు కలుపుతారు. చిన్నప్పుడు ఆ చెక్క పాదాలతో ఆడుకుంటూ వీటికి వేళ్లెందుకు లేవని నాన్నగారిని అడిగాను. బూటుకు లోపల ఐదు వేళ్లతో పని లేదు, వేళ్లన్నీ కలిసి చేసే ఆకారంతోనే పని అని ఆయన చెప్పారు. మీ బొటనవేలి సమస్యకు జవాబు అందులోనే ఉందని నాకు అనిపిస్తోంది. మీరు కొలిజన్ ఇచ్చినది వేళ్లూ గోళ్లూ వేళ్ల మధ్య సందులూ ఉన్న పాదానికి. గుడ్డ ఆ సందుల్లోకి దిగి ఇరుక్కుంటుంది, మడమ లేవగానే వేలు ముందుకు వచ్చి దాన్ని దాటేస్తుంది.

కనుక శరీరానికి కొలిజన్ తీసేసి, చెక్క పాదం లాంటి నునుపైన ఆకారాన్ని ఒకటి విడిగా చేయండి. వేళ్ల చోట ఒకే గుండ్రని కొస ఉండాలి, ఆ కొస నేల నుంచి కొద్దిగా పైకి లేచి ఉండాలి. నిజమైన చెక్క పాదానికి ముందు కొస అలాగే లేచి ఉంటుంది, అందువల్లే కొత్త బూటు ముక్కు నేలకు ఆనదు. మడమ వెనుక భాగం కింద ఉబ్బి, పైన చీలమండ వైపు సన్నబడాలి. ఈ సన్నబడే చోటు చాలా ముఖ్యం. నాడా ఎంత బిగించినా బూటు కాలికి నిలిచేది మడమను వెనుక నుంచి పట్టుకోవడం వల్లా, మీగాలు మీద గుడ్డ బిగుతుగా ఉండడం వల్లా. ఈ ఆకారాన్ని రిగ్‌లో (పాత్రను కదిలించే ఎముకల అమరికలో) పాదం ఎముకకూ వేళ్ల ఎముకకూ మాత్రమే అనుసంధానించండి. రెండర్‌లో కనబడకుండా దాచేయవచ్చు.

దీనితో మరో లాభం కూడా ఉంది. బూటు లోపల కనబడని అసలు పాదాన్ని మాస్క్ మాడిఫయర్‌తో తీసేయవచ్చు. కొలిజన్ శరీరానికే ఉన్నప్పుడు అలా మాస్క్ చేస్తే కొలిజన్ కూడా పోయే ప్రమాదం ఉండేది. ఇప్పుడు ఆ రెండూ వేర్వేరు గనుక, బొటనవేలు తెర మీద కనబడే అవకాశమే ఉండదు.

ఫ్రేము_వెంట_ఫ్రేము (గుంటూరు)

పై ఇద్దరి మాటలూ సరైనవే. అయినా నాకు మూలంలోనే ఒక అభ్యంతరం ఉంది. అడుగు అట్టను గుడ్డగా సిమ్యులేట్ చేయవలసిన అవసరమే లేదని నా అభిప్రాయం. గుంటూరులో పదేళ్లుగా రిగ్గింగ్ నేర్పుతున్నాను. విద్యార్థులు తరచూ చేసే పొరపాటు ఇదే. వస్తువు గుడ్డతో తయారైంది కనుక దానికి క్లాత్ మాడిఫయర్ పెట్టాలని అనుకుంటారు. వస్తువు దేనితో తయారైందన్నది కాదు, అది ఎలా కదులుతుందన్నది చూడాలి.

బొంతనే తీసుకోండి. చీరలు పొరలుగా వేసి కుట్టిన బొంత, ఒక్క చీర కదిలినట్లు కదలదు. రేకు లాంటి వస్తువు వంగడానికి చూపే నిరోధం దాని మందపు ఘనానికి (మందం × మందం × మందం) తగినట్లు పెరుగుతుంది. నాలుగు పొరలు ఒకదాని మీద ఒకటి స్వేచ్ఛగా జారుతుంటే నిరోధం నాలుగు రెట్లే అవుతుంది. అవే నాలుగు పొరలు జారకుండా పూర్తిగా అతుక్కుపోతే 64 రెట్లు అవుతుంది. దగ్గర దగ్గరగా కుట్టిన అట్ట ఈ రెండింటి మధ్య, అతుక్కున్న వైపుకే ఎక్కువ దగ్గరగా ఉంటుంది. మీ సిమ్యులేషన్‌లో ఉన్నది మాత్రం మందం లేని ఒక్క పొర. మీరు పెంచిన టెన్షన్ గుడ్డ సాగకుండా ఆపుతుంది, వంగకుండా ఆపలేదు. అందుకే 80 పెట్టినా అట్ట వేలాడింది. వంపును ఆపేది బెండింగ్. సాఫ్ట్‌వేర్ ముందే ఇచ్చే విలువల్లో (ప్రీసెట్లలో), కాటన్‌కు అది 0.5, డెనిమ్‌కు 10. మీరు దాన్ని ఎంత పెంచినా అట్ట స్థాయికి తీసుకువెళ్లేలోపు పై గుడ్డ కూడా రేకులా మారిపోతుంది.

అట్ట నిజానికి ఒకే చోట వంగుతుంది, వేళ్ల మొదళ్ల దగ్గర. ఆ వంపును రిగ్‌లోని వేళ్ల ఎముక ఇప్పటికే ఇస్తోంది. కనుక అట్టకు పూర్తిగా ఎముకల వెయిట్లు (ఏ ఎముకతో ఎంత కదలాలన్న విలువలు) ఇచ్చి, పిన్ గ్రూపులో 1 పెట్టండి (1 అంటే పూర్తిగా పట్టి ఉంచడం, 0 అంటే పూర్తిగా వదిలేయడం). మడమ వెనుక భాగానికి 0.9, వేళ్ల మీద కొసకు 0.7, మీగాలు మీద 0.3 దాకా తగ్గించుకుంటూ వచ్చి, చీలమండ పైన వదులు అంచుకు 0 ఇవ్వండి. మీరు చేసినదానికి ఇది పూర్తిగా తలకిందులు. మీరు అంచును పట్టుకొని బూటును వదిలేశారు. బూటును పట్టుకొని అంచును వదలాలి. మధ్యస్థ విలువలు స్ప్రింగుల్లా పనిచేస్తాయి, వాటి బలాన్ని పిన్ స్టిఫ్‌నెస్ నిర్ణయిస్తుంది. అది మొదట 1 ఉంటుంది, 10 దాకా పెంచి చూడండి. మాడిఫయర్ల వరుసలో ఎముకలతో కదిలించే ఆర్మేచర్ పైన, క్లాత్ దాని కింద, మందం ఇచ్చే సాలిడిఫై, నునుపు చేసే సబ్‌డివిజన్ ఆ రెండింటి కింద ఉండాలి.

నాడాల సంగతి కూడా చెప్పాలి. ముడిని సిమ్యులేట్ చేయకండి. ముడిని గట్టి వస్తువుగా మోడల్ చేసి చీలమండకు అతికించి, వేలాడే రెండు కొసలను మాత్రమే వదలండి. చూసేవారి కన్ను కదిలే కొస మీదికి వెళ్తుంది, ముడి కదలడం లేదని ఎవరూ గమనించరు. నేనైతే పై అంచును కూడా ఎముకలతోనే కదిలించి, క్లాత్‌ను నాడాల కొసలకే పరిమితం చేసేవాణ్ణి.

మీగాలు (విజయవాడ)

మాస్టారూ, చివరి మాట ఒక్కదానితో నేను ఏకీభవించలేకపోతున్నాను, క్షమించండి. గుడ్డ బూటు అందమంతా మీగాలు మీద పడే ముడతల్లోనే ఉంటుంది. మడమ లేచినప్పుడు వేళ్ల మొదళ్ల మీద రెండు మూడు అడ్డు ముడతలు పడతాయి, పాదం ఆనగానే అవి పూర్తిగా పోవు, చిన్న గీతలుగా మిగులుతాయి. తోలు బూటుకు ముడతలు ప్రతి అడుగులోనూ అదే చోట పడతాయి. పలుచటి నూలు గుడ్డకు ఒక్కో అడుగుకు కాస్త మారతాయి. ఎముకలతో చేస్తే ప్రతి అడుగూ ఒకేలా ఉండి, అది తోలు బూటో రబ్బరు బూటో అనిపిస్తుంది. అట్ట విషయంలో మీరు చెప్పినదే సరైనది. పై గుడ్డను మాత్రం వదలాలి.

ఫ్రేము_వెంట_ఫ్రేము (గుంటూరు)

మీరు చెప్పిన ముడతల తేడాను నేను ఆలోచించలేదు, ఒప్పుకుంటున్నాను. కెమెరా పాదాలకు దగ్గరగా ఉండే షాట్లకు మీ పద్ధతి, దూరపు షాట్లకు ఎముకల పద్ధతి వాడుకోవచ్చు. దూరపు షాట్‌లో ముడతలు ఎలాగూ కనబడవు కనుక బేక్ సమయం మిగులుతుంది.

కృష్ణాతీరం_3డి (విజయవాడ)

తొమ్మిది రోజుల తర్వాత రాస్తున్నాను. ముగ్గురికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు.

దూరాలను 0.001కి తగ్గించగానే ఉబ్బు పోయింది. ఇన్ని రాత్రులు నేను గుడ్డ గుణాలను మారుస్తూ కూర్చున్నది ఈ ఒక్క విలువను చూడకపోవడం వల్లేనని అర్థమైంది. చెక్క పాదం ఆకారాన్ని చేయడానికి ఒక సాయంత్రం పట్టింది. మొదట నేను చేసినది బాగా లావుగా వచ్చి బూటు బిగుసుకుపోయింది. అసలు పాదం కంటే రెండు మిల్లీమీటర్లు లోపలికి తగ్గించాక గుడ్డ చక్కగా కూర్చుంది. పిన్ విలువలు మాస్టారు చెప్పినట్లే పెట్టి, మీగాలు మీద మాత్రం 0.3కు బదులు 0.15 పెట్టాను. మడమ లేచినప్పుడు మూడు ముడతలు పడుతున్నాయి, రెండో అడుగులో అవి కాస్త పక్కకు జరిగాయి. అది చూసి మేం ముగ్గురం ఆ నాలుగు సెకన్ల నడకను ఎన్నిసార్లు తిప్పి చూసుకున్నామో లెక్క లేదు.

మరో మార్పు కూడా చేశాను. కుట్లూ అంచు మడతలూ ఉన్న పూర్తి బూటును సిమ్యులేట్ చేయడం మానేసి, తక్కువ వెర్టెక్సులున్న పలుచటి నమూనాను సిమ్యులేట్ చేసి, అసలు బూటును సర్ఫేస్ డిఫార్మ్ అనే మాడిఫయర్‌తో దానికి బైండ్ చేశాను, అంటే నమూనా కదిలినట్లే అసలు బూటూ కదిలేలా జత చేశాను. మొదట బైండ్ కాలేదు. నమూనా మెష్‌లో ఒకే అంచుకు మూడు ముఖాలు కలిసిన చోటు ఒకటి ఉండడమే కారణమని తేలింది, దాన్ని సరిచేశాక కుదిరింది. రాత్రంతా పట్టే బేక్ ఇప్పుడు భోజనం చేసి వచ్చేలోపు అయిపోతోంది.

మిగిలినది మోకరిల్లే షాట్. ఆయన మోకాళ్లు నేలకు ఆనించి, కాలివేళ్లు మడిచి, మడమల మీద కూర్చుంటాడు. అప్పుడు అట్ట వేళ్ల మొదళ్ల దగ్గర బాగా నిలువుగా వంగి, మీగాలు మీది గుడ్డ తనలోకి తాను దూరిపోతోంది. పైగా అంగవస్త్రం కూడా పాదాల మీదికి వస్తుంది, అది బూటులోంచి దూసుకుపోతోంది.

బ్రాడీపేట_రిగ్గర్ (గుంటూరు)

నడకకు పెట్టిన విలువలతో మోకరిల్లే షాట్‌ను చేయకండి, దాన్ని వేరే ఫైలుగా విడదీసి వేరే బేక్‌గా చూడండి. ఇక్కడ కదలిక నెమ్మదిగా ఉంటుంది కనుక స్టెప్స్ 10కి తగ్గించినా సరిపోతుంది. ఆ మిగిలిన సమయాన్ని సెల్ఫ్ కొలిజన్‌కు (గుడ్డ తనలోకి తాను దూరకుండా ఆపే లెక్కకు) వాడండి. నడకలో అది అవసరం లేదు, ఇక్కడ తప్పనిసరి. సెల్ఫ్ డిస్టెన్స్ కూడా మొదట 0.015 ఉంటుంది, దాన్ని తగ్గించకపోతే మడతలోని గుడ్డ పొరలు ఒకదాన్నొకటి నెట్టుకొని వణుకుతాయి. మీ నమూనా మెష్‌లో పక్కపక్క వెర్టెక్సుల మధ్య దూరం కంటే అది తక్కువగా ఉండాలి.

వేళ్ల మొదళ్ల దగ్గర ఒకే ఎముక అంత వంపు తీసుకుంటే అట్ట లోపలివైపు నలిగిపోతుంది. ఆ వంపును రెండు ఎముకలకు పంచండి, లేదా ఆ కోణానికి మాత్రమే పనిచేసే షేప్ కీ (మెష్‌కు దిద్ది దాచిన మరో ఆకారం) ఒకటి చెక్కి, ఎముక తిరిగే కోణాన్ని బట్టి అది దానంతట అదే మారేలా డ్రైవర్‌తో జత చేయండి. అంగవస్త్రం విషయంలో వరుస ముఖ్యం. ముందు బూటును బేక్ చేయండి. తర్వాత బూటుకు కొలిజన్ ఇచ్చి అంగవస్త్రాన్ని బేక్ చేయండి. రెండింటినీ కలిపి ఒకేసారి చేయాలని ప్రయత్నించకండి. వస్త్రం బరువుకు బూటు అణగడం ఈ షాట్‌లో ఎవరికీ కనబడదు.

కృష్ణాతీరం_3డి (విజయవాడ)

వంపును రెండు ఎముకలకు పంచాను, సెల్ఫ్ డిస్టెన్స్ 0.002 పెట్టాను, బూటు తర్వాత వస్త్రాన్ని బేక్ చేశాను. కుడి పాదం పూర్తిగా కుదిరింది. ఎడమ పాదంలో 1096 నుంచి 1103 వరకు, ఆయన బరువు మడమ మీదికి మారే ఎనిమిది ఫ్రేముల్లో, మడమ వెనుక ఒక చిన్న చోట వస్త్రం ఇంకా బూటులోకి దిగుతోంది. దానికోసం మళ్లీ బేక్ చేయను. క్యాష్‌ను మెష్‌గా మార్చి ఆ ఎనిమిది ఫ్రేములకు చేత్తో దిద్దుతాను. దిద్దాక రెండు షాట్లనూ ఇక్కడే పెడతాను. మీగాలు గారూ, వీలైతే మీ నాన్నగారికి కూడా చూపించి, ముడతలు పడవలసిన చోటే పడ్డాయో లేదో ఆయన మాటగా చెప్పగలరా?

మీగాలు (విజయవాడ)

తప్పకుండా చూపిస్తాను. నడక షాట్‌ను పక్క నుంచి ఒకసారి, ఎదురుగా ఒకసారి రెండర్ చేసి పెట్టండి. ముడతలు లోపలి వైపు ఎక్కువ, బయటి వైపు తక్కువ పడ్డాయా అన్నది ఎదురుగా చూస్తేనే తెలుస్తుందని ఆయన ఇప్పుడే అన్నారు.